సముద్రంలో పట్టిన రొయ్యలు, పీతలు, గుల్లలు: దేశాల మధ్య విలువను పోల్చేదెలా?

ప్రశ్న — గణాంక విద్యార్థి

అందరికీ నమస్కారం. నేను అర్థశాస్త్రంలో పీజీ చివరి సంవత్సరం చదువుతున్నాను. సముద్రంలో వేటాడి పట్టిన రొయ్యలు, పీతలు, గుల్లల వల్ల ఏ దేశానికి ఎంత ఆదాయం వస్తున్నదో పోల్చి చూపే చిన్న వ్యాసం సమర్పించవలసి ఉంది. చెరువుల్లో పెంచినవాటిని ఇందులో కలపకూడదన్నది మా అధ్యాపకురాలు పెట్టిన షరతు. దేశాల పేర్లు ఒక వరుసలో, టన్నులు రెండో వరుసలో, డాలర్లు మూడో వరుసలో వేసి భాగహారం చేస్తే సరిపోతుందని, ఇది రెండు రోజుల పని అని మొదట అనుకున్నాను. నెల గడిచినా పట్టిక కుదరడం లేదు.

మొదటి చిక్కు: ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2022 సంవత్సరానికి ప్రపంచమంతటా వేటాడి పట్టిన జలచరాల తొలి అమ్మకపు విలువను 15,700 కోట్ల డాలర్లుగా, పెంచినవాటి విలువను 29,600 కోట్ల డాలర్లుగా అంచనా వేసింది. అయితే మొదటి సంఖ్యలో చేపలే అధికం. దాన్ని దేశాలవారీగా, జాతులవారీగా విడగొట్టబోతే ఒక్కో దేశం ఒక్కో రకంగా లెక్క చెబుతున్నది.

రెండో చిక్కు మన దేశానిదే. 2023-24లో భారతదేశం 17.81 లక్షల టన్నుల సముద్ర ఉత్పత్తులను ఎగుమతి చేసి 60,523 కోట్ల రూపాయలు ఆర్జించింది. అందులో శీతలీకరించిన రొయ్యల వాటాయే 40,013 కోట్లు. ఈ రొయ్యల్లో అత్యధిక భాగం చెరువుల్లో పెంచే వనామీ అనే రకమని అందరికీ తెలుసు. మరి సముద్రపు రొయ్య వాటా ఎక్కడ, ఎంత?

మూడోది నన్ను ఎక్కువగా తికమక పెట్టింది. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో లాబ్‌స్టర్ అనే పెద్ద డెక్కల సముద్ర జీవి వేట విలువ 2021లో 70 కోట్ల డాలర్లు దాటింది. మరుసటి ఏడాది 40 కోట్లకు కూడా చేరలేదు. పట్టిన బరువు మాత్రం దాదాపు పదో వంతే తగ్గింది. సముద్రం అదే, పడవలు అవే, జీవి అదే అయినప్పుడు నేను ఏ సంవత్సరాన్ని ఆ రాష్ట్రపు అసలు విలువగా తీసుకోవాలి? తెలిసినవారు దారి చూపగలరు.

జవాబు — పాత లెక్కల మనిషి

మీ పట్టిక కుదరకపోవడానికి మీ లెక్క తప్పు కావడం కారణం కాదు. మూడు వేర్వేరు ప్రశ్నలకు వచ్చిన జవాబులను మీరు ఒకే వరుసలో వేస్తున్నారు.

మొదటిది, దేనిని లెక్కిస్తున్నామన్నది. తెలుగులో ఈ జీవులన్నిటికీ కలిపి వాడుకలో ఒక్క మాట లేదు; మనం రొయ్యలు, పీతలు, గుల్లలు అని విడివిడిగా చెప్పుకుంటాం. ఒక విధంగా అదే మంచిది, ఎందుకంటే ఒకే మాట ఉన్న భాషల్లోనే గందరగోళం ఎక్కువ. పైకి చిప్ప లేని స్క్విడ్, ఆక్టోపస్ కూడా జీవశాస్త్రం ప్రకారం గుల్లల బంధువులే. వాటిని కలిపితే మొరాకో, మారిటేనియా, పెరూ వంటి దేశాలు పట్టికలో ఒక్కసారిగా పైకి లేస్తాయి. వదిలేస్తే వాటి ఊసే ఉండదు. రెండింటిలో ఏదైనా తప్పు కాదు, కానీ ఏది చేశారో పట్టిక నెత్తిన రాసి ఉండాలి.

బరువు దగ్గర కూడా జాగ్రత్త పడండి. అమెరికా తూర్పు తీరంలో స్కాలప్ అనే గుల్లను సముద్రం మీదే ఒలిచి, లోపలి కండను మాత్రమే ఒడ్డుకు తెస్తారు. వారి దేశపు లెక్కల్లో ఉండేది ఆ కండ బరువు. ఆహార వ్యవసాయ సంస్థ లెక్కకు వచ్చేసరికి దాన్ని చిప్పతో సహా ప్రాణంతో ఉన్న జీవి బరువుగా మారుస్తారు. ఆ మార్పులో ఒక కిలో ఎనిమిది కిలోలకు పైగా అవుతుంది. మీరు ఒక దేశానికి మొదటి బరువును, ఇంకో దేశానికి రెండో బరువును వేసి భాగహారం చేస్తే కిలో ధర ఎనిమిదింతలు అటూ ఇటూ అవుతుంది. మసాచుసెట్స్‌లోని న్యూ బెడ్‌ఫర్డ్ రేవు 2000 ప్రాంతం నుంచి ఏళ్ళ తరబడి అమెరికా మొత్తం మీద విలువలో మొదటి స్థానంలో నిలిచింది. దానికి కారణం ఈ స్కాలప్ కండే తప్ప దిగిన సరుకు బరువు కాదు. బరువులో చూస్తే అలాస్కా రేవులు దానికి అందనంత దూరంలో ఉంటాయి. దీనికి తలకిందుల ఉదాహరణ చైనా తీరంలో పట్టే అసీటస్ అనే సన్నని రొయ్య. టన్నుల్లో అది ప్రపంచపు సముద్రపు రొయ్యలన్నిటిలో ముందుంటుంది, కానీ పోయేది ఎండబెట్టడానికి, ఊరవేసి ముద్ద చేయడానికి.

రెండోది, విలువను ఏ చోట కొలుస్తున్నామన్నది. పడవ రేవుకు చేరిన క్షణంలో జాలరి చేతికి వచ్చిన సొమ్ము ఒకటి. రేవు దాటి, ఒలిచి, గడ్డకట్టించి, పెట్టెలో పెట్టి ఓడ ఎక్కించినప్పుడు పత్రాల మీద రాసే ధర ఇంకొకటి. భోజనశాలలో పళ్ళెం ధర మరొకటి. మెయిన్ రాష్ట్రం ప్రకటించేది మొదటిది, మన ఎగుమతి సంస్థ ప్రకటించేది రెండోది. మీరు వాటిని పక్కపక్కన పెట్టి పోల్చారు.

మూడోది చాలామంది గుర్తించనిది. కొన్ని చోట్ల విలువ అమ్మకంలోనే కాక, పట్టుకునే హక్కులో కనిపిస్తుంది. దక్షిణ అట్లాంటిక్‌లోని ఫాక్‌లాండ్ దీవుల చుట్టూ ఉన్న సముద్రంలో 1986లో సంరక్షణ మండలం ప్రకటించి, మరుసటి ఏడాది నుంచి విదేశీ ఓడలకు లైసెన్సులు ఇవ్వడం మొదలుపెట్టారు. అప్పటిదాకా గొర్రెల ఉన్ని మీద బతికిన ఆ కొద్దిపాటి జనాభా స్క్విడ్ లైసెన్సుల రుసుముతో సంపన్నులయ్యారు. ఆ స్క్విడ్‌లో పెద్ద భాగాన్ని పట్టిందీ అమ్మిందీ పరాయి ఓడలే కాబట్టి, పట్టిన దేశం వారీగా వేసిన పట్టికలో ఆ విలువ ఫాక్‌లాండ్ పేరున కనిపించదు. న్యూజిలాండ్ ఇంకో అడుగు ముందుకు వేసి, సముద్రంలో ఉన్న వాణిజ్య జాతుల నిల్వను దేశపు ఆస్తిగా లెక్కగట్టి, వేట వాటాల బదిలీ ధరల ఆధారంగా దాని విలువను ప్రచురించింది. ఆ జాబితాలో డెక్కలు లేని లాబ్‌స్టర్ అయిన రాతి రొయ్యది ముందు వరుస.

ఇక మీ మూడో చిక్కు. మెయిన్‌లో ఒక పౌండు లాబ్‌స్టర్‌కు రేవు ధర 2016లో సుమారు 4.08 డాలర్లు, 2021లో 6.71, 2022లో 3.97. కరోనా రోజుల్లో జనం ఇంట్లోనే ఖరీదైన వంట వండుకున్నారు, ప్రభుత్వాలు పంచిన సొమ్ము చేతిలో ఆడింది, ధర ఆకాశానికి ఎగబాకింది. తరువాత ఇంధనం, ఎర ఖర్చులు పెరుగుతున్న వేళే అది కూలింది. కాబట్టి ఒక్క సంవత్సరం తీసుకోకండి. కనీసం ఐదేళ్ళ సగటు తీసుకుని, పక్కన అత్యధికం, అత్యల్పం కూడా చూపండి.

జవాబు — జాలరిపేట

రెండో చిక్కుకు నేను చెప్పగలను. మా నాన్నగారు విశాఖపట్నం చేపల రేవులో చాలాకాలం రొయ్యలు తూచే పని చేశారు. నేను ప్రాసెసింగ్ ప్లాంటులో నాణ్యత విభాగంలో ఉన్నాను.

ఎగుమతి లెక్కలో సముద్రపు రొయ్య తేలిగ్గా కనిపించకపోవడానికి ఒక కారణం చెరువుల రొయ్య పోటెత్తడం. మన దేశంలో వనామీకి 2009లో అనుమతి వచ్చాక గోదావరి, కృష్ణా, నెల్లూరు జిల్లాల చెరువులు దేశపు రొయ్యల వ్యాపారాన్నే మార్చేశాయి. రెండో కారణం మన రేవుల్లో అందరికీ తెలిసినా చదువుకున్నవారి వ్యాసాల్లో అరుదుగా కనిపిస్తుంది. మన దేశపు రొయ్యలకు అతిపెద్ద గిరాకీదారు అమెరికా. 2010ల చివరి నుంచి ఆ అమెరికా, భారత సముద్రంలో వలతో పట్టిన రొయ్యలను దిగుమతి చేసుకోవడం లేదు. కారణం తాబేళ్ళు.

1989లో అమెరికా చేసిన చట్టంలో 609వ సెక్షన్ అని ఒకటి ఉంది. సముద్రపు తాబేళ్ళు తిరిగే చోట పడవ వెనక లాగే ట్రాల్ వలతో రొయ్యలు పట్టే దేశాలు, వలలో తాబేలు తప్పించుకునే పరికరాన్ని అమర్చినట్లు నిరూపించకపోతే ఆ సరుకు తీసుకోబోమని దాని సారాంశం. ఆ పరికరం పెద్ద విచిత్రమేమీ కాదు: వల గొంతులో ఏటవాలుగా బిగించే ఒక ఇనుప జల్లెడ, దాని పక్కన తెరుచుకునే ఒక మూత. రొయ్య జల్లెడ సందుల్లోంచి వెనక్కి పోతుంది, తాబేలు జల్లెడకు తగిలి మూత తోసుకుని బయటపడుతుంది. దాని వెంట మంచి చేప కూడా పోతుందన్నది పడవ యజమానుల భయం, అది పూర్తిగా అర్థం లేని భయమని నేను అనను. భారతదేశం, మలేషియా, పాకిస్తాన్, థాయిలాండ్ కలిసి ఈ చట్టం మీద ప్రపంచ వాణిజ్య సంస్థలో దావా వేశాయి. 1998లో అప్పీలు పీఠం ఒక విచిత్రమైన తీర్పు ఇచ్చింది: తాబేళ్ళను కాపాడాలన్న ఉద్దేశం సమంజసమే, కానీ అమెరికా దాన్ని అమలు చేసిన తీరులో దేశానికో న్యాయం ఉంది అన్నది. అమెరికా అమలు తీరును సవరించుకుంది, చట్టం నిలిచింది.

ఫలితం ఇప్పుడు మా ప్లాంటు గుమ్మంలోనే కనబడుతుంది. అమెరికాకు పోయే ప్రతి రొయ్యల సరుకుతోనూ ఒక ప్రకటన పత్రం వెళ్తుంది. ఇది చెరువులో పెరిగినది, తాబేళ్ళకు హాని చేసే వేటతో దీనికి సంబంధం లేదని అందులో రాసి సంతకం చేస్తారు. సముద్రపు రొయ్యకు ఆ పత్రం రాదు కాబట్టి అది చైనాకో, జపాన్‌కో, ఇంకో దేశానికో, లేదా ఊళ్ళోని మార్కెట్టుకో వెళ్ళాలి. రెండు రొయ్యలూ ఒకే కౌంట్ అయినా, అంటే కిలోకు అన్నే తూగినా, ఒకదాని ముందు అతిపెద్ద మార్కెట్టు తలుపు మూసి ఉంది. రుచి తెలిసినవారు సముద్రపు రొయ్యకే ఎక్కువ ఇస్తామంటారు, అది వేరే మాట.

ఇంకో ముచ్చట కూడా చెబుతాను, మీ వ్యాసానికి పనికిరావచ్చు. వనామీ రాకముందు మన చెరువుల్లో టైగర్ రొయ్యే పెంచేవారు. దాని పిల్లలను హేచరీల్లో పుట్టించడానికి గుడ్లున్న తల్లి రొయ్యలను సముద్రం నుంచే తేవాలి. ఆ రోజుల్లో ఒక తల్లి రొయ్య వలలో ప్రాణంతో పడితే దాన్ని కిలోల్లో తూచేవారు కాదు, ఒక్కోదానికి విడిగా బేరం ఆడేవారు. దాన్ని నీళ్ళ తొట్టెలో గాలి బుడగలతో రేవుకు చేర్చిన పడవకు, మిగతా వేటంతా కలిపినా రానంత సొమ్ము ఆ కొద్ది రొయ్యలతో వచ్చిన రోజులు ఉండేవని నాన్నగారు చెప్పేవారు. వనామీ తల్లి రొయ్యలు విదేశాల నుంచి విమానంలో దిగి చెన్నైలో క్వారంటైన్ ముగించుకుని రావడం మొదలయ్యాక, ఆ గిరాకీ చాలావరకు ఆరిపోయింది. సముద్రంలోని టైగర్ రొయ్య మారలేదు. దానికి కొలమానం మారింది: ఒకప్పుడు ఒక్కోదానికి బేరం, ఇప్పుడు కిలోకు బేరం.

గణాంక విద్యార్థి

జాలరిపేట గారూ, తల్లి రొయ్యల సంగతి నేను ఏ పుస్తకంలోనూ చూడలేదు, ధన్యవాదాలు. ఒక సందేహం. మార్కెట్టు తలుపు మూసి ఉండటం వల్ల ధర తగ్గితే, దాన్ని ఆ జీవి తక్కువ విలువగా రాయాలా, లేక అది రాజకీయ నిర్ణయపు ఫలితం కాబట్టి దిద్ది రాయాలా? ఇతర దేశాల్లోనూ ఇలాగే జరిగిందా?

జవాబు — హాలిఫాక్స్ నుంచి

జరిగింది, జరుగుతూనే ఉంది. నేను కెనడాలోని నోవా స్కోషియాలో ఎనిమిదేళ్ళుగా ఉంటున్నాను. చదువుకునే రోజుల్లో విమానాశ్రయపు సరుకు విభాగంలో లాబ్‌స్టర్ పెట్టెలు ఎత్తాను.

మెయిన్‌లోనూ ఇక్కడా పట్టేది ఒకే జాతి లాబ్‌స్టర్, నడుమ ఉన్నది సరిహద్దు గీత. 2017 సెప్టెంబరులో కెనడాకు ఐరోపా సమాఖ్యతో వాణిజ్య ఒప్పందం అమలులోకి వచ్చి, ప్రాణంతో పంపే లాబ్‌స్టర్ మీద 8 శాతం సుంకం పోయింది. అమెరికా సరుకు మీద అది అలాగే ఉండిపోయింది. 2018 జూలైలో చైనా, అమెరికాతో సుంకాల పోరులో భాగంగా, వారి లాబ్‌స్టర్ మీద అదనంగా 25 శాతం వేసింది. ఆ రెండు దెబ్బలతో మెయిన్ వ్యాపారుల కొనుగోలుదారులు ఇటు మళ్ళారు. ఆ శీతాకాలాల్లో హాలిఫాక్స్ నుంచి చైనాకు సరుకు విమానాలు నిండుగా పోయేవి. 2020 ఆగస్టులో ఐరోపా అమెరికా లాబ్‌స్టర్ మీద సుంకాన్ని ఎత్తివేసింది, పరిస్థితి మళ్ళీ కొంత సర్దుకుంది. కాబట్టి దిద్ది రాయాలా అన్న ప్రశ్నకు నా సమాధానం, వద్దు. దిద్దడం మొదలుపెడితే ఎక్కడ ఆపుతారు? ధరను ఉన్నది ఉన్నట్టు రాసి, ఆ ఏడాది ఏ తలుపు తెరిచి ఉందో, ఏది మూసి ఉందో పక్కన రాయండి.

మీరు తప్పక చూసుకోవలసిన ఇంకో ఉచ్చు ఉంది. మెయిన్‌లో వేసవిలో పట్టిన మెత్తని పెంకు లాబ్‌స్టర్ చాలావరకు దూర ప్రయాణానికి తట్టుకోదు. దాన్ని లారీల్లో కెనడా వైపున్న న్యూ బ్రన్స్‌విక్‌లోని ఫ్యాక్టరీలకు తెచ్చి, ఉడికించి, ఒలిచి, మాంసాన్ని తిరిగి అమెరికాకే అమ్ముతారు. ఆ లాబ్‌స్టర్ మొదట అమెరికా ఎగుమతిగా, తరువాత కెనడా ఎగుమతిగా రెండు దేశాల పుస్తకాల్లోనూ ఎక్కుతుంది. ఎగుమతి విలువలను కూడితే ఒకే జీవిని రెండుసార్లు లెక్కపెట్టినట్టే.

విలువ ఎవరిదన్న ప్రశ్న కూడా ఇక్కడ చిన్నది కాదు. స్థానిక మిక్‌మాక్ జాతివారికి చేపలు పట్టి మోస్తరు జీవనోపాధి పొందే హక్కు పాత ఒడంబడికల ద్వారా ఉందని 1999లో మార్షల్ కేసులో కెనడా సుప్రీం కోర్టు తీర్పు చెప్పింది. ఆ మోస్తరు అంటే ఎంత అన్నది ఇరవై ఏళ్ళ తరువాత కూడా తేలక, 2020లో సిపెక్నెకాటిక్ జాతివారు తమ సొంత లైసెన్సులతో వేట మొదలుపెట్టినప్పుడు సెయింట్ మేరీస్ అఖాతం ఒడ్డున ఘర్షణలు జరిగాయి, సరుకు నిల్వ చేసిన కట్టడం తగలబడింది. ఆ మరుసటి ఏడాది ఆరంభంలోనే మిక్‌మాక్ సంఘాల కూటమి ఒక పెద్ద ఆహార సంస్థతో కలిసి క్లియర్‌వాటర్ అనే గుల్లల వ్యాపార సంస్థను సుమారు 100 కోట్ల కెనడా డాలర్లకు కొనుగోలు చేసింది. మీ పట్టికలో కెనడా వరుస ఈ రెండు ఘటనల ముందూ తరువాతా ఒకేలా ఉంటుంది.

జవాబు — పెర్త్ ప్రవాసి

హాలిఫాక్స్ మిత్రుడు చెప్పినదానికి మా ఊరి కథ జోడిస్తాను. పశ్చిమ ఆస్ట్రేలియా తీరంలో దొరికే రాతి రొయ్యకు డెక్కలు ఉండవు, పొడవాటి మీసాలుంటాయి. 2000లో ప్రపంచంలో మొట్టమొదట సుస్థిర వేట ధ్రువపత్రం పొందిన వేటల్లో ఇది ఒకటి. ఇక్కడి వారు ఇంతే పట్టాలన్న కోటా పెట్టుకుని, ధర బాగున్న రోజు చూసుకుని ఉచ్చు బుట్టలు తీసే స్థితికి వచ్చారు. ప్రాణంతో ఉన్నదానికి చైనాలో ఇచ్చే ధర మరెక్కడా రాదు కాబట్టి, దాదాపు సరుకంతా, నూటికి తొంభై ఐదు పాళ్ళు, అక్కడికే పోయేది. ఎగుమతి లెక్క చూసినవారికి అది నిండు కుండలా కనిపించేది.

2020లో ఆస్ట్రేలియా, చైనాల మధ్య మాట చెడింది. నవంబరులో తనిఖీ పేరుతో షాంఘై విమానాశ్రయంలో టన్నుల కొద్దీ ప్రాణమున్న సరుకు ఆగిపోయింది. ప్రాణంతో అమ్మే సరుకుకు ఆలస్యమే నిషేధం. గోదాములో దాచుకోవడానికి అదేమీ బియ్యం కాదు. ఆ క్రిస్మస్‌కు మా రాష్ట్ర ప్రభుత్వం జాలర్లు పడవ దగ్గరే జనానికి నేరుగా అమ్ముకునే వెసులుబాటు పెంచింది. అప్పటికి ఈ ఊళ్ళో ఆరేళ్ళుగా ఉన్నా, నా కుటుంబం మొదటిసారి రాతి రొయ్య కొన్నది ఆ సంవత్సరమే. రేవులో వరుసలో నిలబడి రెండు కొని, ఇంటికి తెచ్చి, అల్లం వెల్లుల్లి, కొత్తిమీర వేసి ఇగురు పెట్టుకున్నాం. నా ముందు నిలబడ్డ వృద్ధుడు, ఇక్కడే పుట్టి పెరిగినవాడు, ఇన్నాళ్ళూ ఇవి మా సముద్రంలో ఉన్నాయని విన్నానే తప్ప పళ్ళెంలో చూడలేదు అన్నాడు.

ఆ నాలుగేళ్ళలో హాంకాంగ్‌కు, వియత్నాంకు ఆస్ట్రేలియా రాతి రొయ్య అమ్మకాలు ఉన్నట్టుండి పెరిగాయి. అక్కడివారికి అకస్మాత్తుగా ఆకలి పెరిగిందని ఎవరూ నమ్మలేదు. సరుకు చుట్టు తిరిగి చైనా చేరుతున్నదని పత్రికలు రాశాయి. నిషేధం 2024 డిసెంబరులో తొలగింది. మీరు దేశాలవారీ దిగుమతి లెక్కలు వాడితే, ఆ నాలుగేళ్ళు ఎవరు కొన్నారన్నది పత్రాల మీద ఒకటి, వాస్తవంలో ఇంకొకటి.

జవాబు — కోరంగి

అందరూ ఖరీదైనవాటి గురించే మాట్లాడుతున్నారు. పత్రాల్లోకి ఎక్కని విలువ సంగతేమిటి?

కాకినాడ అఖాతంలో పోటు తగ్గిన వేళ బురదలో దిగి గుల్లలు ఏరుకునే కుటుంబాలను చిన్నప్పటి నుంచి చూశాను. అందులో ఆడవాళ్ళు ఎక్కువ. కండ తినడానికో, రొయ్యల మేతకో పోయేది. చిప్ప సున్నం బట్టీలకు పోయేది. మా తాతగారి ఇంటి గోడలకు వాడింది ఆ గుల్ల సున్నమే. వేలం లేదు, రసీదు లేదు, పడవ నంబరు లేదు. ఆ సొమ్ము ఏ గణాంకంలోకి చేరి ఉంటుంది? కేరళలో కొల్లం దగ్గరి అష్టముడి సరస్సులో గుల్లల వేట ఇందుకు భిన్నం. అక్కడ గుల్లలు గుడ్లు పెట్టే నెలల్లో వేట ఆపుకున్నారు, చిన్నవి తప్పించుకునేలా వల కన్నుకు కొలత పెట్టుకున్నారు, 2014లో మన దేశంలో మొట్టమొదటి సుస్థిర వేట ధ్రువపత్రం తెచ్చుకున్నారు. ఎగుమతి అవుతుంది కాబట్టి వారికి లెక్క ఉంది.

లెక్కలో లేకపోవడానికి పేదరికం ఒక్కటే కారణం కాదు. దక్షిణాఫ్రికా తీరంలో అబలోన్ అనే గుల్లను దొంగతనంగా ఒలిచి, ఎండబెట్టి తరలించే ముఠాలు దశాబ్దాలుగా ఉన్నాయి. ఆ దేశపు వేట లెక్కలో కొద్ది టన్నులే కనిపిస్తాయి. హాంకాంగ్ దిగుమతి పుస్తకం తెరిస్తే, తమ తీరంలో అబలోన్ అన్నదే పెరగని ఆఫ్రికా దేశాల నుంచి కూడా అది వచ్చినట్టు ఉంటుంది. అమ్మినవాడి పుస్తకం కంటే కొన్నవాడి పుస్తకమే నిజం చెప్పిన సందర్భం ఇది.

పాత లెక్కల మనిషి

కోరంగి గారి ఆవేదన న్యాయమే. అయితే విద్యార్థికి ఒక హెచ్చరిక చేయాలి. లెక్కలో లేనిదానికి ఊహించి ఒక సంఖ్య వేసి కూడితే, దాన్ని రేపు ఇంకొకరు వాస్తవమనుకుని ఎత్తి రాస్తారు. ఖాళీగా ఉంచి, ఎందుకు ఖాళీయో రాయడం మేలు. హాంకాంగ్ పద్ధతి మాత్రం వాడుకోదగ్గది: ఒక దేశపు ఎగుమతి లెక్కను, ఎదుటి దేశపు దిగుమతి లెక్కతో సరిచూడటం. తేడా ఎక్కువగా ఉన్న ప్రతి చోటా అడగవలసిన ప్రశ్న ఒకటి ఉంటుంది.

కోరంగి

ఖాళీగా ఉంచమన్నారు, ఒప్పుకుంటాను. కానీ సున్నా అని రాయకండి. ఖాళీకీ సున్నాకీ ఉన్న తేడా ఆ బురదలో దిగేవారికి తెలుసు. అక్కడ రేవో, గోడో కట్టేటప్పుడు నష్టపరిహారం సున్నా దగ్గరే మొదలవుతుంది.

ఇంకొకటి కూడా అడగాలనుంది. అలాస్కాకు పడమట బేరింగ్ సముద్రంలో మంచు పీత ఉంది కదా. 2018, 2019లలో సముద్రం వేడెక్కిన తరువాత దాదాపు 1,000 కోట్ల పీతలు కనబడకుండా పోయాయి, 2022 అక్టోబరులో చరిత్రలో మొదటిసారి ఆ వేటను మూసేశారు. వేడి నీటిలో వాటి శరీరాలకు తిండి ఎక్కువ అవసరమై, తిండి చాలక చనిపోయాయని మరుసటి ఏడాది శాస్త్రవేత్తలు తేల్చారు. పాత లెక్కల మనిషి గారు విద్యార్థికి చెప్పిన ఐదేళ్ళ సగటు పద్ధతిలో ఆ పీత విలువ ఎలా కనిపిస్తుంది?

పాత లెక్కల మనిషి

మంచి దెబ్బ కొట్టారు. ఏ ఒక్క ఏడాదిలోనూ నిజంగా లేని విలువ కనిపిస్తుంది: ఉన్న ఏళ్ళలో ఉన్నంత ఎక్కువా కాదు, మూసిన ఏళ్ళలో ఉన్న శూన్యమూ కాదు. ధర ఊగిసలాడే మెయిన్ లాబ్‌స్టర్‌కు సగటు పనికొస్తుంది. జీవే మాయమైన చోట పనికిరాదు. నా మొదటి జవాబులోని ఆ సలహాకు ఈ సవరణ చేర్చుకోండి. 2024లో ఆ వేటను చాలా చిన్న కోటాతో తిరిగి తెరిచారు కాబట్టి, మూసివేతకు ముందు, మూసిన కాలం, తెరిచిన తరువాత అని మూడు వరుసలు వేయండి.

గణాంక విద్యార్థి

ఈ చర్చ చదివి నా పట్టికను చింపేశాను. దేశాలన్నిటినీ ఒక వరుసలో నిలబెట్టే ఆలోచన మానుకుని, ఐదు జీవులను ఎంచుకున్నాను: మెయిన్, నోవా స్కోషియాల లాబ్‌స్టర్, పశ్చిమ ఆస్ట్రేలియా రాతి రొయ్య, బేరింగ్ మంచు పీత, ఫాక్‌లాండ్ స్క్విడ్, మన తూర్పు తీరపు సముద్రపు రొయ్య. ఒక్కోదానికి రేవు ధర, ఎగుమతి ధర, హక్కు ధర అని మూడు గడులు పెట్టాను. దొరకని గడిలో గీత గీసి, కింద కారణం రాస్తున్నాను. మన సముద్రపు రొయ్య వరుసలో ఇప్పటికి రెండు గీతలున్నాయి. జాలరిపేట గారూ, విశాఖ రేవులో రోజువారీ వేలం ధరలు కౌంట్ వారీగా ఎవరైనా రాసి ఉంచుతారా? వేట నిషేధం ముగిసే జూన్ 14 తరువాత పడవలు తిరిగి వచ్చేటప్పుడు నేనే వచ్చి కొన్ని రోజులు రాసుకోవడానికి వీలవుతుందా?

జాలరిపేట

వేలం పాడేవారి దగ్గర చిత్తు పుస్తకాలు ఉంటాయి, కానీ అవి ఎవరి వ్యాపారం వారివి, అడగగానే ఇవ్వరు. మీరే వచ్చి రాసుకోవడం మంచిది. నిషేధం ముగిశాక మొదటి పడవలు తెచ్చే సరుకు చూసి మోసపోకండి. రెండు నెలల విరామం తరువాత రొయ్య ఎక్కువగా పడుతుంది, ధర ఆ రోజుల్లో పడిపోతుంది. జూలై మూడో వారం వరకు ఉండగలిగితే రెండు రకాల రోజులూ చూస్తారు. తెల్లవారుజామున నాలుగు గంటలకల్లా రేవులో ఉండాలి, తడిచినా పాడవని పుస్తకం తెచ్చుకోండి. తూకం దగ్గర నిలబడే చోటు నేను చూపిస్తాను.